బేస్‌బాల్ ఆడే పిల్లలకు నడుము బలంతో బంతి విసరడం నేర్పే పద్ధతి

బేస్‌బాల్ కొత్తగా మొదలుపెట్టిన ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల్లో చాలామంది లక్ష్యానికి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడి, చేతిని మాత్రమే ముందుకు నెట్టి బంతి విసురుతుంటారు. తక్కువ దూరంలో బంతి ఎలాగో చేరుతుంది కాబట్టి పెద్దవాళ్లు దానిని పట్టించుకోరు. అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. పిల్లల బేస్‌బాల్ సంస్థ అయిన లిటిల్ లీగ్‌లో పన్నెండేళ్ల వరకు పిల్లలకు పిచింగ్ దూరం, అంటే బ్యాటర్‌కు బంతి వేసే దూరం, 46 అడుగులు. జూనియర్ విభాగానికి చేరగానే అది పెద్దలతో సమానంగా 60 అడుగుల 6 అంగుళాలు అవుతుంది. బంతి బరువు మాత్రం రెండు చోట్లా ఒకటే, 142 నుంచి 149 గ్రాములు. చేత్తోనే విసరడానికి అలవాటుపడిన పిల్లలు పెరిగిన ఆ పద్నాలుగున్నర అడుగుల దూరాన్ని కూడా భుజంతో, మోచేతితో పూడ్చబోయి నొప్పి తెచ్చుకుంటారు. అందుకే వేగం గురించి ఆలోచించే ముందే శరీరాన్ని తిప్పడం నేర్పాలి.

విసరడానికి కావలసిన బలం కాళ్లలో పుట్టి, తుంటి ద్వారా నడుముకు, అక్కడి నుంచి ఛాతీకి, చివరకు చేతికి చేరుతుంది. ఈ దారి మధ్యలో ఉన్నవి పొట్ట ముందు భాగపు కండరాలు, పక్కల ఏటవాలుగా ఉండే కండరాలు, వెన్ను వెంట ఉండే కండరాలు, పిరుదులు. కుడిచేతి వాటం పిల్లవాడు విసిరేటప్పుడు తుంటి ముందుగా ఎడమవైపు తిరుగుతుంది, ఛాతీ మాత్రం ఇంకా పక్కకే ఉంటుంది. తడి తువ్వాలు రెండు చివరలూ పట్టుకుని మెలిపెట్టినట్టు, ఆ క్షణంలో పొట్ట కుడి పక్కన పైపొరలో ఉన్న ఏటవాలు కండరం, ఎడమ పక్కన లోపలి పొరలో ఉన్న ఏటవాలు కండరం సాగుతాయి. సాగినవి వెంటనే ముడుచుకుంటూ ఛాతీని వేగంగా లాగుతాయి. చెయ్యి ఆ ఊపును అందుకుని వెంబడిస్తుంది. తుంటీ ఛాతీ ఒకేసారి తిరిగితే సాగడమన్నదే ఉండదు, అప్పుడు లోటంతా చేతి మీద పడుతుంది. నేర్పేవారు మిగతావన్నీ మరిచినా ఈ వరుస ఒక్కదాన్ని మరవకూడదు: ముందు తుంటి, తర్వాత ఛాతీ, ఆఖరున చెయ్యి.

నిలబడే తీరుతో మొదలుపెట్టండి. కుడిచేతి వాటం పిల్లవాడు ఎడమ భుజం, ఎడమ తుంటి లక్ష్యం వైపు ఉండేలా పక్కకు తిరిగి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. బరువు కుడి పాదం లోపలి అంచు మీద ఉంచి, అక్కడి నుంచి నేలను తోస్తూ ఎడమ కాలిని సూటిగా లక్ష్యం వైపు వేయాలి. ఆ పాదం నేలను తాకేటప్పుడు వేళ్లు లక్ష్యం వైపు ఉంటూ కాస్త లోపలికి తిరిగి ఉండాలి. పాదం మరీ అడ్డంగా పడితే తుంటి తిరగడానికి చోటుండదు, మరీ బయటికి తెరుచుకుంటే నడుము ముందే తిరిగిపోయి చెయ్యి వెనకబడుతుంది. పాదం ఆనగానే ఎడమ మోకాలు గట్టిగా నిలవాలి, ఎందుకంటే ముందు కాలు కుంగిపోతే తిరగవలసిన శరీరం ముందుకు జారిపోతుంది.

పిల్లలకు కండరాల పేర్లు చెప్పి ప్రయోజనం లేదు. “బెల్టు బకిల్ ముందు తిరగాలి, చొక్కా మీది అక్షరాలు ఆ తర్వాత తిరగాలి” అంటే వెంటనే అర్థమవుతుంది. బంతి లేకుండా, చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకోమని చెప్పి, అడుగు వేసి బకిల్‌ను మాత్రం లక్ష్యం వైపు తిప్పమనండి. ఒక క్షణం ఆగి ఛాతీ తిప్పమనండి. ఇలా పదిసార్లు మెల్లగా చేశాక ఆ ఆగడాన్ని తగ్గిస్తూ పోతే రెండు కదలికలూ సహజంగా కలుస్తాయి. గ్లవ్ (బంతి పట్టుకునే తోలు తొడుగు) ఉన్న చేతిని వెనక్కి విసిరికొట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. దానివల్ల ఛాతీ తొందరగా తెరుచుకుంటుంది. గ్లవ్ ఛాతీకి ముందు స్థిరంగా ఉండాలి, శరీరమే తిరుగుతూ దాని దగ్గరకు రావాలి.

అమెరికాలో పిల్లలకు ఈ ఆట నేర్పిస్తున్న తెలుగు తల్లిదండ్రుల్లో క్రికెట్ ఆడి పెరిగినవారు ఎక్కువే. వారికొక సూచన: బౌలింగ్‌ను నమూనాగా తీసుకోకండి, అక్కడ మోచేయి వంచి విసరడానికి వీల్లేదు. బౌండరీ దగ్గర నుంచి వికెట్‌కీపర్‌కు బలంగా విసిరే త్రో బేస్‌బాల్ త్రోకు చాలా దగ్గరగా ఉంటుంది. దానిని చేసి చూపిస్తే, మీ శరీరానికి తెలిసిన విద్యే పిల్లవాడికి అందుతుంది.

కండరాల బలానికి జిమ్ అవసరం లేదు. పక్కకు పడుకుని మోచేతి మీద శరీరాన్ని లేపి ఉంచే సైడ్ ప్లాంక్, వెల్లకిలా పడుకుని నడుము నేలకు ఆనించే ఉంచి ఎదురెదురు చేయీ కాలూ చాచే వ్యాయామం, పిరుదులు పైకెత్తే బ్రిడ్జ్, ఇవి వారానికి మూడు రోజులు పది నిమిషాలు చేస్తే చాలు. ఎన్నిసార్లు చేశారన్నది ముఖ్యం కాదు, నడుము కుంగకుండా చేయడం ముఖ్యం. వీటితో పాటు కిలో బరువున్న మెడిసిన్ బాల్‌ను (వ్యాయామానికి వాడే బరువైన బంతిని) రెండు చేతులతో పట్టుకుని, గోడకు పక్కగా నిలబడి, తుంటి తిప్పుతూ గోడకు కొట్టించండి; చేతుల బలంతో తోస్తే బంతి మెత్తగా తగులుతుంది, నడుము తిప్పితే చప్పుడే మారుతుంది, ఆ తేడా పిల్లలకు చెవితోనే తెలుస్తుంది. కుడివైపు ఎన్నిసార్లు చేస్తే ఎడమవైపూ అన్నిసార్లు చేయించాలి. ఒకే పక్కకు తిరిగే ఆటలో శరీరం ఒకవైపే బలపడుతుంది కాబట్టి ఈ జాగ్రత్త అవసరం.

ఎక్కువ తిప్పాలన్న ఉత్సాహంలో కొందరు పిల్లలు నడుము కింది భాగాన్ని వెనక్కి విల్లులా వంచుతారు, మరికొందరు తలను ఎడమ పక్కకు బాగా ఒరగేస్తారు. రెండూ మాన్పించాలి. పొట్టను తేలికగా బిగించి, విసిరే సమయంలో ఊపిరి బయటికి వదలమంటే వెన్ను చాలావరకు సర్దుకుంటుంది.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయడం మంచి సాధనం. పిల్లవాడి ఛాతీ కనిపించే పక్క నుంచి తీసి, ముందు పాదం నేలకు పూర్తిగా ఆనిన క్షణంలో ఆపండి. బకిల్ లక్ష్యం వైపు తిరగడం మొదలై, చొక్కా మీది అక్షరాలు ఇంకా కెమెరా వైపే ఉంటే వరుస కుదిరినట్టు. రెండూ కలిసి తిరిగి ఉంటే బంతి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చేసే అభ్యాసానికి మళ్లీ వెళ్లాలి.

ఎంత చక్కగా విసిరినా లెక్క తప్పకూడదు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి రూపొందించిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం ఒక రోజులో 7–8 ఏళ్లవారు 50, 9–10 ఏళ్లవారు 75, 11–12 ఏళ్లవారు 85 పిచ్‌లు (బ్యాటర్‌కు వేసే బంతులు) మించకూడదు. పద్నాలుగేళ్ల వరకు వయసున్నవారు 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. అలసిన పిల్లవాడి అడుగు చిన్నదవుతుంది, తుంటి తిరగడం మానేస్తుంది, మోచేయి కిందికి జారుతుంది. అంకె ఇంకా మిగిలి ఉన్నా అక్కడితో ఆపేయండి. ఈ వయసులో ఎముకల చివర ఉండే ఎదుగుదల భాగాలు ఇంకా మెత్తగానే ఉంటాయి కాబట్టి, మోచేతి లోపలి వైపు నొప్పి అని పిల్లవాడు చెబితే నూనె రాసి మళ్లీ ఆడించకుండా ఎముకల వైద్యుడికి చూపించి, ఆయన అనుమతించేదాకా బంతి విసరనివ్వకండి.