మిల్లు గుమాస్తా ఒట్టి తునకలు

నేను మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల లెక్కలు రాస్త. పొద్దంత బియ్యం బస్తాల నడుమనే. అసుంటి నాకు షుగర్ వచ్చింది. అన్నం కొలిచి తినుమన్నరు, పొద్దుమీకి ఛాయ్ తోటి తినే మిర్చి బజ్జీ బంద్ అన్నరు. మరి ఆ ఐదు గంటల ఆకలికి ఏం పెట్టాలె? దేవరకొండల మా అమ్మ ఎండకాలం దండెం మీద ఆరేసే ఒట్టి తునకలు, అంటే ఉప్పు కారం పట్టించి ఎండబెట్టిన మాంసం పట్టీలు, యాదికొచ్చినయి. మాంసంల పిండిపదార్థం లేనట్టే. మైదా, కార్న్‌ఫ్లోర్, శనగపిండి మనమే పట్టిస్తం.

కిలో యాటకూర, తొడది, బొక్కల్లేకుండ తీసుకోండి. కటికాయనకు ముందుగాల్నే "వండేటందుకు కాదు, తునకలకు" అని చెప్పాలె. లేకుంటే అలవాటు చేతితోటి టకటక ముక్కలు కొట్టేస్తడు. మనకు కావాల్సినయి జానెడు పొడుగు, చిటికెన వేల్ల సగం మందం పట్టీలు. నార ఎటుపోతే అటే కోయాలె. కొవ్వు ఇసుమంత కూడ మిగలొద్దు. కూర ఎండుతది గని కొవ్వు ఎండదు, కొన్నాళ్లకు ముక్కు మూసుకునే వాసనొస్తది.

రెండు చెంచాల ఉప్పు, చెంచ పసుపు, చెంచన్నర కారం, నూరిన అల్లం ఎల్లిగడ్డ పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌ల పెట్టండి. అమ్మ ఇక్కడ్నుంచి సీదా దండేనికే ఎక్కించేది. నేను మాత్రం ఇడ్లీ కుక్కర్ల పది పన్నెండు నిమిషాలు, లోపల ఎరుపు పోయేదాక ఆవిరి పట్టిస్త. పచ్చి కూర ఎండేలోపల క్రిములు పెరుగుతయని నా భయం. "ఉడకబెట్టినంక ఒట్టి తునకలెట్లయితయిరా" అంటది అమ్మ. అననీ.

తడి ఆరినంక సూదితోటి దారానికి గుచ్చి, ఒకటికొకటి తాకకుండ డాబా మీద కట్టాలె. పైన పాత దోమతెర కప్పండి, ఈగలకు, కాకులకు. ఏప్రిల్, మే ఎండల్ల రెండు మూడు రోజులు చాలు. పొద్దు గూకంగనే ఇంట్లకు తేవాలె. వానకాలం ఈ పని పెట్టుకోవద్దు.

ఎండినయా లేదా అంటే ఒక తునక వంచి చూడండి. వంగి మల్ల లేచిందంటే లోపల ఇంక నీరున్నది. వంచినకాడ పగిలి, తెల్లటి నారలు బయటపడి, పుటుక్కుమనాలె. కిలో కూర మూడు వందల గ్రాములకు అటిటు దిగుతది. పోయినేడు నేను ఓపిక లేక రెండో రోజే ప్లాస్టిక్ డబ్బల వేసి మూత బిగించిన. వారానికి తీస్తే బూజు! కిలో కూర పైసలు కుప్పల పోసినట్టయింది. ఇప్పుడు పూర్తిగ చల్లారినంక గాజు సీసల పోసి ఫ్రిజ్‌ల పెడుతున్న.

తినేముందు నాలుగు తునకలు జాలి మీద పెట్టి, సన్నటి మంట మీద కమ్మటి వాసన వచ్చేదాక కాల్చండి. రోట్లేసి రెండు దెబ్బలు కొడితే నార విచ్చుకుంటది. ఉల్లిగడ్డ, నిమ్మకాయ ఉంటే ఇంకేం వద్దు. ఉప్పు సరుకు కాబట్టి బీపీ ఉన్నోళ్లు రెండు తునకలకే చేయి ఆపాలె.

మిగిలినయి మా ఇంటామె చింతచిగురుల వేసి వండుతది. ఆ పొద్దు మాత్రం అన్నం కొలిచే గిన్నె నాకు కనబడదు.