స్టవ్ మీద పీఎఫ్ అని మెరుస్తోందా? కరెంటు ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

అమెరికా ఇళ్లలో ఎలక్ట్రిక్ స్టవ్‌లకు, ముఖ్యంగా వర్ల్‌పూల్, మేటాగ్, కిచెన్‌ఎయిడ్, ఫ్రిజిడేర్ వాళ్ల చాలా మోడళ్లలో, గడియారం ఉండాల్సిన చోట ఒక్కోసారి పీఎఫ్ అని మెరుస్తుంది. పవర్ ఫెయిల్యూర్ అని దాని భావం. స్టవ్ పాడైందని కాదు, మధ్యలో దానికి కరెంటు అందలేదని మాత్రమే. కరెంటు వీధిలో పోయిందా, బ్రేకర్లుండే ఇంటి ప్యానెల్‌లోనా, గోడ సాకెట్‌లోనా, స్టవ్ వెనకనా అన్నది మనమే తేల్చుకోవాలి. ఇది తేల్చకుండా స్టవ్‌ను నడిపే కంట్రోల్ బోర్డు కొనేస్తే వందల డాలర్లు పోతాయి, పీఎఫ్ మాత్రం మళ్లీ వస్తుంది.

అన్నిటికంటే ముందు పొయ్యిల నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా గడియారం మీద పడతారు. తిప్పే నాబ్‌లున్న స్టవ్‌లో పై పొయ్యిలకు బోర్డుతో పని లేదు. కరెంటు పోయినప్పుడు నాబ్ ఆన్‌లో ఉండిపోతే, కరెంటు రాగానే పొయ్యి తనంతట తాను మళ్లీ వేడెక్కుతుంది. వంట మధ్యలో కరెంటు పోయిందని అలాగే వదిలేసి బయటికి వెళ్లడం అందుకే ప్రమాదం. టచ్ బటన్లున్న స్టవ్‌లు, ఇండక్షన్ స్టవ్‌లు సాధారణంగా ఇలా చేయవు. ఓవెన్ కూడా తనంతట తాను మొదలవదు, మళ్లీ మీరే పెట్టాలి.

ఆ తర్వాత క్యాన్సిల్ లేదా ఆఫ్ బటన్ నొక్కితే పీఎఫ్ పోతుంది. క్లాక్ నొక్కి టైము పెట్టుకోండి. ఏ బటనూ పనిచేయకపోతే కంట్రోల్ లాక్ పడిందేమో చూడండి. బటన్ కింద చిన్న తాళం బొమ్మ ఉంటుంది, దాన్ని 3 సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో లాక్ వీడుతుంది. అప్పటికీ కదలకపోతే ప్యానెల్‌లో స్టవ్ బ్రేకర్ ఆపి, 5 నిమిషాలు ఆగి, మళ్లీ వేయండి.

ఓవెన్‌లో మాంసం ఉండగా కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే దాన్ని తినకండి. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య 2 గంటలు దాటి ఉన్న వంటకాన్ని పారేయమని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఓవెన్ లైటు వేసి పెరుగు తోడు పెట్టుకునే వాళ్లకు ఇంకో మాట: పీఎఫ్ తుడిచి ఓవెన్ పరీక్షించే ముందు లోపల గిన్నె ఉందేమో చూసుకోండి.

ఒక్కసారి వచ్చిందా, పదే పదే వస్తోందా?

ఉరుములు మెరుపులు వచ్చిన రాత్రి తర్వాత ఒకసారి కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. మైక్రోవేవ్ గడియారం, మంచం పక్క అలారం కూడా మెరుస్తుంటే అది వీధి కరెంటే. స్టవ్ ఒక్కటే మెరుస్తూ మిగతావన్నీ సరైన టైము చూపిస్తుంటే అనుమానం స్టవ్ లైను మీదికి వెళ్తుంది. ఒక్క రెప్పపాటు కరెంటు తగ్గితే కొన్ని గడియారాలు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. అందుకే ఒక్కసారికే తీర్పు చెప్పకండి. ఊళ్లో కరెంటు పోకుండానే వారంలో రెండోసారి వచ్చిందంటే మాత్రం వెతకాల్సిందే.

ఇక్కడ ఒక కిటుకుంది. స్టవ్ బ్రేకర్ పడిపోతే తెర పూర్తిగా ఆరిపోతుంది, మీరు వెళ్లి బ్రేకర్ వేసేదాకా పీఎఫ్ కనిపించదు. బ్రేకర్ జోలికి ఎవరూ పోకుండానే పీఎఫ్ వచ్చిందంటే కరెంటు పోయి, తనంతట తానే వచ్చిందన్నమాట. వీధి కరెంటు బాగున్నప్పుడు అలా జరిగేది చాలావరకు లూజ్ కాంటాక్ట్ వల్లే.

ఎప్పుడు వస్తోందో గమనించండి. ఓవెన్, రెండు మూడు పొయ్యిలు కలిపి వెలిగించినప్పుడే వస్తుంటే బ్రేకర్‌లోనో, సాకెట్‌లోనో, స్టవ్ వెనక స్క్రూల దగ్గరో వదులు ఉంది. ఎక్కువ కరెంటు లాగినప్పుడు వదులైన చోట వేడి పుడుతుంది, లోహం వ్యాకోచించి కాంటాక్ట్ తప్పుతుంది. కింది డ్రాయర్ లాగినప్పుడో, ఓవెన్ తలుపు గట్టిగా వేసినప్పుడో వస్తుంటే ప్లగ్ గానీ లోపలి కనెక్టర్ గానీ కదులుతోంది. స్టవ్ ఖాళీగా ఉన్నప్పుడు, అర్ధరాత్రిళ్లు వస్తుంటే వీధి కరెంటు గానీ బోర్డు గానీ కారణం కావచ్చు.

ప్యానెల్ దగ్గర

అమెరికా ఇంట్లోకి కరెంటు తెచ్చే రెండు హాట్ తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు హాట్‌ల మధ్య 240. పొయ్యిలు, ఓవెన్ ఎలిమెంట్లు 240 మీద పనిచేస్తాయి. గడియారం, బోర్డు, లోపలి లైటు చాలా మోడళ్లలో 120 మీద నడుస్తాయి. కాబట్టి తెర వెలుగుతూ పొయ్యిలేవీ కాలకపోతే రెండో హాట్ రావట్లేదని అనుమానించాలి. మన ఊళ్లలో ఒక ఫేజు పోయిందంటామే, దాదాపు అదే సంగతి. తెర, లైటు రెండూ ఆరిపోతుంటే బోర్డుకు వెళ్లే హాట్‌నో న్యూట్రల్‌నో అనుమానించాలి.

స్టవ్ బ్రేకర్ సాధారణంగా రెండు పిడులు కలిపి ఉన్న 40 లేదా 50 ఆంపియర్లది. పడిన బ్రేకర్ పూర్తిగా ఆఫ్‌కి రాకుండా మధ్యలో ఆగుతుంది, చూడ్డానికి ఆన్‌లో ఉన్నట్టే ఉంటుంది. దాన్ని ముందు ఆఫ్ వైపు గట్టిగా తోసి, తర్వాత ఆన్ చేయాలి. 40 ఆంపియర్ల బ్రేకర్ 240 వోల్టుల దగ్గర మోసేది 9,600 వాట్లు. పెద్ద పొయ్యి ఒక్కటే 3,000 వాట్ల దాకా లాగుతుంది. సంక్రాంతికి పదిమందిని పిలిచి నాలుగు పొయ్యిలూ ఓవెనూ ఒకేసారి ఫుల్లులో పెడితే పాత బ్రేకర్ పడిపోవడంలో వింత లేదు. మామూలు వంటకే పడుతున్నా, బ్రేకర్ ముఖం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, జుయ్‌మని మోత వస్తున్నా ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. బ్రేకర్ పడుతోంది కదా అని తీగ చూడకుండా 40 తీసి 50 వేయించుకోకండి. తీగ 40కే సరిపోయేదైతే గోడలోపల కాలుతుంది.

ఇంట్లో సగం లైట్లు వెలిగి సగం వెలగకుండా, స్టవ్ పొయ్యి ఆన్ చేయగానే ఆరిన లైట్లు మినుకుమినుకుమంటూ వెలుగుతుంటే ఇంటికి వచ్చే ఒక హాట్ తీగే పోయింది. పొయ్యి ఎలిమెంట్ గుండా కరెంటు అటు పారడం వల్ల అలా జరుగుతుంది. కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని మసగ్గా ఉంటే న్యూట్రల్ తెగిందనుకోవాలి. ఇది ఇంకా ప్రమాదం, టీవీలు ఫ్రిజ్‌లు మాడిపోతాయి. వెంటనే మెయిన్ ఆపి కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి.

స్టవ్ వెనక

అద్దె ఇల్లయితే ఇక్కడ ఆగి మెయింటెనెన్స్ వాళ్లను పిలవండి. ఎప్పుడెప్పుడు వచ్చిందో, అప్పుడు ఏ పొయ్యిలు వెలుగుతున్నాయో రాసి ఇస్తే, ఒకసారి రీసెట్ చేసి వెళ్లిపోకుండా ఉంటారు.

సొంత ఇల్లయితే బ్రేకర్ ఆపండి. కింది డ్రాయర్ తీసేసి, కాళ్ల కింద అట్టముక్క పెట్టి స్టవ్‌ను నెమ్మదిగా ముందుకు లాగండి. ప్లగ్ బయటికి తీసి చూడండి. పిన్నులు గోధుమ రంగుకు తిరిగినా, సాకెట్ ప్లాస్టిక్ కరిగినా, కాలిన వాసన ఉన్నా దొంగ దొరికినట్టే. అప్పుడు సాకెట్, ప్లగ్ తీగ రెండూ మార్చాలి. మాడిన పిన్నును కొత్త సాకెట్‌లో పెడితే అదీ కొన్నాళ్లకు మాడుతుంది. గోడలో తీగ అల్యూమినియందైతే, అల్యూమినియంకు పనికొస్తుందని రాసి ఉన్న సాకెట్టే వేయాలి.

కొత్త ఇళ్లలో సాకెట్‌కు నాలుగు రంధ్రాలుంటాయి. అటూ ఇటూ ఉన్న రెండు హాట్‌లు, మధ్యలో పలకలా ఉన్నది న్యూట్రల్, గుండ్రంది గ్రౌండ్. మల్టీమీటర్ వాడటం అలవాటున్న వాళ్లు మాత్రమే బ్రేకర్ వేసి కొలవండి: హాట్‌ల మధ్య 240 దరిదాపుల్లో, ఒక్కో హాట్ నుంచి న్యూట్రల్‌కు 120, న్యూట్రల్ గ్రౌండ్‌ల మధ్య దాదాపు సున్నా రావాలి. అంకెలు బాగున్నాయని సంబరపడకండి. వదులు తీగ కూడా లోడు లేనప్పుడు నిండు వోల్టేజీ చూపిస్తుంది. లోడు మీద, స్టవ్ వెనక తీగలు బిగించే టెర్మినల్ బ్లాక్ దగ్గర కొలిస్తేనే నిజం బయటపడుతుంది. అది కరెంటు ఉండగా చేసే పని కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడం మంచిది.

బ్రేకర్ ఆపి, ప్లగ్ తీశాక మీరు చూడగలిగింది ఆ బ్లాక్‌నే. వెనక చిన్న రేకు మూత విప్పితే నలుపు, ఎరుపు తీగలు రెండు పక్కలా, తెలుపు మధ్యలో బిగించి ఉంటాయి. ఆకుపచ్చది స్టవ్ బాడీకి. స్టవ్ తెచ్చిచ్చిన వాళ్లు హడావుడిలో స్క్రూ సగం బిగించి పోవడం చాలా మామూలు తప్పు. మాడిన గుర్తు లేకపోతే గట్టిగా బిగిస్తే సరిపోతుంది. మాడి ఉంటే బ్లాక్, తీగ రెండూ మార్చాలి. నాలుగు పిన్నుల తీగ వేస్తే న్యూట్రల్‌ను బాడీకి కలిపే లోహపు పట్టీ తీసేయాలి, మూడు పిన్నులదైతే ఉంచాలి. తిరిగి తోసేటప్పుడు వెనక కాలు నేలకో గోడకో బిగించిన బ్రాకెట్‌లో దూరిందో లేదో చూడండి. అది లేకపోతే, తెరిచిన ఓవెన్ తలుపు మీద పిల్లవాడు ఎక్కితే స్టవ్ ముందుకు తిరగబడుతుంది.

ఇవన్నీ బాగుండి, లోడు మీద కూడా వోల్టేజీ నిలకడగా ఉండి, పీఎఫ్ ఆగకపోతే అప్పుడు బోర్డు. ముందు బోర్డుకు వెళ్లే కనెక్టర్లు తీసి పెట్టించి చూడమనండి. ఓవెన్ బాగా వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునే సెల్ఫ్ క్లీన్ పెట్టిన మర్నాటి నుంచి మొదలైతే బోర్డు మీద అనుమానం పెరుగుతుంది. బోర్డు కొనేటప్పుడు మోడల్ నంబరు డ్రాయర్ తీసిన చోటో, ఓవెన్ తలుపు అంచునో ఉన్న స్టిక్కర్ మీద చూసి రాసుకోండి. తయారీ ఆగిపోయిన బోర్డులను బాగుచేసిచ్చే వాళ్లూ ఉన్నారు.

గ్యాస్ స్టవ్‌కు మామూలు 120 వోల్టుల ప్లగ్గే ఉంటుంది కాబట్టి వెతుకులాట చిన్నది: ఆ సాకెట్, దానికి ముందున్న టెస్ట్, రీసెట్ బటన్లున్న జీఎఫ్‌సీఐ సాకెట్, ప్లగ్. కరెంటు లేనప్పుడు చాలా మోడళ్లలో పై పొయ్యిలను అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చు. ఓవెన్ జోలికి మాత్రం కరెంటు వచ్చేదాకా వెళ్లకండి.