పాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో అంచనా వేయడం ఎలా?

ట్రాన్స్‌ఫార్మర్ వయసును నేమ్‌ప్లేటు మీది తయారీ సంవత్సరాన్ని బట్టి లెక్కగట్టడం అందరికీ అలవాటు. నిజానికి వైండింగు (లోపలి తీగ చుట్లు) చుట్టూ విద్యుత్ నిరోధకంగా ఉన్న కాగితం ఎంత పాడైందన్నదే దాని అసలు వయసు. నూనెను వడపోయవచ్చు, బుషింగులను (తీగలు బయటికి వచ్చే చోటి పింగాణీ గొట్టాలు), టాప్ చేంజరును (వోల్టేజీని సర్దే స్విచ్చు) మార్చవచ్చు. కాగితాన్ని మార్చాలంటే మాత్రం వైండింగునే మళ్లీ చుట్టాలి. 33/11 కేవీ సబ్‌స్టేషనులోని ట్రాన్స్‌ఫార్మరును ఉదాహరణగా తీసుకుని ఆ వయసును కనుక్కునే క్రమాన్ని చూద్దాం.

1. రిజిస్టర్లతో మొదలుపెట్టండి

లోడు, నూనె ఉష్ణోగ్రత, వైండింగు ఉష్ణోగ్రత, బుకోల్జ్ రిలే (లోపల వాయువు పుడితే హెచ్చరించే పరికరం) పనిచేసిన సందర్భాలు, 11 కేవీ ఫీడర్లలో (సబ్‌స్టేషను నుంచి బయటికి వెళ్లే లైన్లు) వచ్చిన షార్ట్ సర్క్యూట్లు, నూనెను వడపోసిన తేదీలు రాసుకోండి. సాధారణంగా రిజిస్టరులో దొరకనిది ఈ చివరి వివరమే, తీరా అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేదీ అదే. వ్యాక్యూమ్‌లో వడపోసినప్పుడు నూనెలో కరిగిన వాయువులు బయటికి పోతాయి. నూనెను మారిస్తే కాగితం పాడవుతూ విడుదల చేసిన ఫ్యూరాన్లు అనే రసాయనాలు కూడా దాదాపుగా పోతాయి. ఆ తేదీ తెలియకపోతే, చరిత్ర చెరిగిపోయిన నూనెను చూసి ట్రాన్స్‌ఫార్మర్ ఆరోగ్యంగా ఉందని పొరబడతాం.

2. కంటితో చూడండి

బ్రీదరులోని (లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చే డబ్బా) నీలిరంగు సిలికా జెల్ గులాబీ రంగుకు మారిందా, గ్యాస్కెట్ల దగ్గర నూనె కారుతోందా, పైన ఉండే నూనె ట్యాంకు అయిన కన్సర్వేటరులో మట్టం సరిగా ఉందా, బుషింగులు పగిలాయా అన్నవి గమనిస్తే చాలు.

3. నూనె నమూనా తీయించండి

అడుగు వాల్వును శుభ్రంగా తుడిచి, మొదట వచ్చే నూనెను వదిలేసి, ఆ తరువాత వచ్చేదాన్ని గాలిబుడగ లేకుండా గాజు సిరంజిలోకి తీయాలి. అప్పటి నూనె ఉష్ణోగ్రతను కూడా సిరంజి మీద రాయాలి. నూనె ఎంత వోల్టేజీ వరకు తట్టుకుంటుందో 2.5 మిల్లీమీటర్ల ఎడంతో చూసే బీడీవీ పరీక్షలో 30 కేవీ కంటే తక్కువ వస్తే, ఈ తరగతి ట్రాన్స్‌ఫార్మరులో ఆ నూనె పనికిరాదు. అయితే బీడీవీ నూనె సంగతి చెబుతుందే గాని కాగితం సంగతి చెప్పదు. వడపోశాక 60 కేవీ వచ్చిందని సంబరపడేవారు ఈ తేడాను మరచిపోతారు.

కరిగిన వాయువుల పరీక్షను డీజీఏ అంటారు. అసిటిలీన్ కనిపిస్తే లోపల ఆర్కింగ్ జరిగిందని, ఇథిలీన్ పెరిగితే ఎక్కడో విపరీతంగా వేడెక్కుతోందని, హైడ్రోజన్ ఒక్కటే పెరిగితే పాక్షిక డిశ్చార్జి (ఇన్సులేషన్‌లో అక్కడక్కడ చిన్న విద్యుత్ స్ఫులింగాలు) ఉండవచ్చని అర్థం. ఒక్కసారి వచ్చిన అంకె కంటే, రెండు నమూనాల మధ్య అది ఎంత వేగంగా పెరిగిందన్నదే ముఖ్యం.

4. లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనిచేయడానికి అనుమతి) తీసుకుని విద్యుత్ పరీక్షలు చేయించండి

సరఫరా ఆపి, ఎర్తింగ్ చేశాకనే అర్హులైన సిబ్బంది చేత మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం), ట్యాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో జరిగే విద్యుత్ నష్టం), వైండింగ్ రెసిస్టెన్స్, టర్న్స్ రేషియో (రెండు వైండింగుల చుట్ల నిష్పత్తి) పరీక్షలు చేయించాలి. టర్న్స్ రేషియో నేమ్‌ప్లేటు విలువకు అర శాతం కంటే ఎక్కువ తేడాగా ఉంటే, వైండింగు లోపల చుట్లు షార్టయి ఉండవచ్చు.

5. కాగితం వయసు లెక్కించండి

సెల్యులోజు గొలుసుల పొడవును తెలిపే సంఖ్యను డీపీ అంటారు. కొత్త కాగితంలో అది సుమారు 1000 ఉంటుంది. 200కు చేరితే కాగితం ఆయువు తీరినట్టే. సర్వీసులో ఉన్నదాని లోపలి నుంచి కాగితం ముక్క తీయలేం కనుక నూనెలోని ఫ్యూరాన్లను కొలిచి డీపీని అంచనా వేస్తారు. మామూలు క్రాఫ్ట్ కాగితానికి వాడే చెన్‌డాంగ్ సూత్రం ప్రకారం 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) ఫ్యూరాన్‌కు డీపీ సుమారు 430, 5 పీపీఎంకు సుమారు 230 వస్తుంది.

25 ఏళ్లలో డీపీ 1000 నుంచి 400కు దిగిందనుకుందాం. ఏడాదికి 24 చొప్పున తగ్గింది కాబట్టి మిగిలిన 200 తగ్గడానికి ఎనిమిదేళ్లే పడుతుందనుకోవడం పొరపాటు. అరుగుదలను డీపీ విలోమంతో లెక్కించాలి. 1/400 లోంచి 1/1000 తీసేస్తే 0.0015, ఇది 25 ఏళ్లలో జరిగిన అరుగుదల. 1/200 లోంచి 1/400 తీసేస్తే 0.0025, అదే వేగంతో ఇంత అరగడానికి దాదాపు 42 ఏళ్లు పడుతుంది.

6. ఆ సంఖ్యను వేడితో సరిచూడండి

ఈ 42 ఏళ్లు ఉత్త అంకెల లెక్క మాత్రమే. వైండింగులో అతి వేడి భాగం ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ మామూలు కాగితం అరుగుదల రెట్టింపవుతుంది. వ్యవసాయ లోడు పెరిగి ఆ ఉష్ణోగ్రత సగటున 6 డిగ్రీలు ఎక్కువైతే 42 ఏళ్లు 21 అవుతాయి, 12 డిగ్రీలు ఎక్కువైతే పదిన్నరే మిగులుతాయి. కాగితంలోకి తేమ చేరినా, నూనెలో ఆమ్లం పెరిగినా ఇంకా తగ్గుతుంది. అందువల్ల నివేదికలో ఒకే సంఖ్య రాయకుండా, ఏ లోడుకు ఎన్నేళ్లో విడివిడిగా రాయడం నిజాయితీ.

డీపీ తగ్గిన కాగితం ముందుగా కోల్పోయేది విద్యుత్ నిరోధకతను కాదు, తెగకుండా నిలిచే బలాన్ని. మామూలు లోడులో ఏళ్ల తరబడి పనిచేసే అటువంటి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫీడరులో వచ్చిన ఒక్క షార్ట్ సర్క్యూట్‌కు, వైండింగు అదిరి, కాలిపోవచ్చు. డీపీ 250 దగ్గరున్నదాన్ని తరచూ ట్రిప్పయ్యే ఫీడర్ల నుంచి తప్పించి, నిలకడైన లోడున్న చోటికి, వీలైతే స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్ తోడున్న చోటికి కేటాయించడం మంచిది. లారీ మీది కుదుపులు కూడా వైండింగుకు పరీక్షే కనుక, తరలించిన తరువాత చార్జి చేసేముందు నాలుగో దశలోని పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి.