ఒకే ఆల్బమ్ పెట్టె – 3వ పాఠం: పాటల వరస, ఆరు తీగలు

బటన్ నొక్కితే ఒకే ఆల్బమ్ వాయించే పెట్టెను తయారు చేస్తున్నాం. గత పాఠంలో తెచ్చుకున్న సామాన్లలో ఇవాళ కావలసినవి: డీఎఫ్‌ప్లేయర్ మినీ మాడ్యూలు (కార్డులోని పాటలను వాయించే చిన్న బోర్డు), 32 జీబీ మించని మైక్రో ఎస్‌డీ కార్డు, 4 ఓమ్‌ల 3 వాట్ల స్పీకరు, రెండు పుష్ బటన్లు, 470 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 5 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు. ఆర్డుయినో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు) జోలికి ఇప్పుడే వెళ్లం.

ముందు పాటలు సిద్ధం చేద్దాం. విడివిడి ఎంపీ3లుగా పెడితే పాటకూ పాటకూ మధ్య మాడ్యూలు కాసేపు ఆగుతుంది. ఒక పాట ఇంకో పాటలోకి జారిపోయే ఆల్బమ్‌కి ఇది పంటికింద రాయే. అందుకే పాత కేసెట్ పద్ధతి మేలు: ఏ వైపు ఒక ఫైలు, బి వైపు ఇంకొకటి. ఆడాసిటీ అనే శబ్దం కత్తిరించే సాఫ్ట్‌వేరులో, నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైళ్లను వరసగా అతికించి, స్పీకరు ఒక్కటే కనుక మోనో (ఒకే చానల్) చేసి, 128 కేబీపీఎస్ ఎంపీ3గా ఎగుమతి చేయండి. అరగంట వైపు సుమారు 29 ఎంబీ అవుతుంది. ముందే ఎంపీ3 అయిన పాటలను అతికించకండి. ఎంపీ3 అనేది 1152 శాంపిళ్ల (శబ్దం కొలతల) ముక్కలుగా, అంటే సీడీ వేగంలో (సెకనుకు 44,100 శాంపిళ్లు) దాదాపు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా ఉంటుంది. పాట మొదట్లో, చివర్లో ఎన్‌కోడరు (ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేరు) చేర్చిన మౌనం అతుకు దగ్గర చిన్న ఖాళీగా వినిపిస్తుంది.

ఇక కార్డు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రూట్‌లో (ఏ ఫోల్డరులోనూ కాకుండా నేరుగా కార్డులో) పెట్టిన ఫైళ్లను ఈ మాడ్యూలు పేరు చూసి వాయించదు, కార్డు పట్టికలో ఏది ముందు ఎక్కితే అదే ఒకటో పాట. కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, 0001 అనే పేరుతో ఏ వైపును ముందు కాపీ చేయండి. అది పూర్తయ్యాకే 0002. తప్పు ఫైలు పడిందని చెరిపి మళ్లీ కాపీ చేస్తే కొత్తది ఖాళీ అయిన అరలో దూరవచ్చు, వరస తారుమారవుతుంది. మళ్లీ ఫార్మాట్ చేయడమే నయం. మ్యాక్ వాడేవారికి ఇంకో చిక్కు: చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దాగిన ఫైళ్లను కూడా మాడ్యూలు పాటలుగా లెక్కేస్తుంది, వాటిని చెరిపేయాలి.

మాడ్యూలు కాళ్లకు కలిపే తీగలు ఆరే, బటన్ల రెండో కొసలు గ్రౌండు తీగకే కలుస్తాయి. కింద వచ్చే వీసీసీ, ఎస్‌పీకే1 వంటివి ఆ కాళ్ల పేర్లు. అడాప్టరు ప్లస్ వీసీసీకి, మైనస్ గ్రౌండుకి. స్పీకరు రెండు కొసలూ ఎస్‌పీకే1, ఎస్‌పీకే2లకే. ఇది బ్రిడ్జి ఆంప్లిఫయరు, అంటే రెండు కొసల్లోనూ సిగ్నలు ఉంటుంది, ఏదీ గ్రౌండు కాదు. ఒకటి గ్రౌండుకి తాకితే ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. ఒక బటన్ ఏడీకీ1కీ గ్రౌండుకీ మధ్య: నొక్కితే మొదటి ఫైలు, అంటే ఏ వైపు మొదలవుతుంది. రెండోది ఐఓ2కీ గ్రౌండుకీ మధ్య: ఏ వైపు మోగుతుండగా చిన్నగా నొక్కితే బి వైపుకి మారుతుంది, నొక్కి పట్టుకుంటే శబ్దం పెరుగుతుంది. తగ్గించుకోవాలంటే ఐఓ1కి మూడో బటన్ ఇదే తీరులో వేసుకోవచ్చు.

కెపాసిటరును వీసీసీకీ గ్రౌండుకీ అడ్డంగా, మాడ్యూలుకి వీలైనంత దగ్గరగా అతికించండి. తెల్ల గీత ఉన్న కాలు మైనస్. దీన్ని వదిలేస్తే డప్పు దెబ్బ పడ్డ చోటల్లా మాడ్యూలు రీసెట్ అయి మౌనంగా కూర్చుంటుంది. ఎందుకంటే ఆ క్షణాన కరెంటు ఎగిసి సన్నని తీగ మీద వోల్టేజీ పడిపోతుంది. కెపాసిటరు ఉన్నా ఇలాగే జరిగితే అడాప్టరు తీగ మార్చి చూడండి.

ఇప్పుడు పరీక్ష. ఏ వైపు బటన్ నొక్కగానే మాడ్యూలు మీది చిన్న దీపం వెలగాలి. దీపం వెలిగి శబ్దం రాకపోతే స్పీకరు తీగలు చూడండి. దీపమే వెలగకపోతే ముందు కార్డు తీసి మళ్లీ గట్టిగా గుచ్చండి, ఆ తర్వాతే టంకం అనుమానించండి.

మధ్యలో ఆపి అక్కడి నుంచే కొనసాగించడం ఈ కూర్పుకి రాదు, కరెంటు తీస్తే మళ్లీ మొదటి నుంచే. పాజ్ బటన్ కోసం మనం ఆర్డుయినో వాడతాం. 4వ పాఠంలో దాన్ని మాడ్యూలు ఆదేశాలు అందుకునే ఆర్‌ఎక్స్ కాలికి 1 కిలో ఓమ్ రెసిస్టరుతో కలుపుతాం.