వడ్డీ పుస్తకం మూసేశాక మళ్లీ తెరవకుండా ఉండాలంటే

చెన్నై కోయంబేడు మార్కెట్లో నాది ఉల్లిపాయల కొట్టు. సొంతూరు గూడూరు దగ్గర. 2009 నుంచి 2017 దాకా ఉల్లిపాయలు పేరుకే, ఇల్లు నడిచింది డైలీ వడ్డీ మీద. తెల్లవారుజామున మూడింటికి తోపుడుబండి వాళ్ల చేతిలో తొమ్మిది వందలు పెట్టి, చీకటిపడేలోగా వెయ్యి పట్టుకునేవాణ్ణి. డైలీ వడ్డీ, గంట వడ్డీ, మీటర్ వడ్డీ, కందు వడ్డీ, తండల్ అంటూ పేరుపేరునా చెప్పి ఇవన్నీ నేరమని తమిళనాడులో 2003లోనే చట్టం వచ్చింది. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. తెలిసే చేశాను. 2017లో బాప్తిస్మం తీసుకున్నప్పుడు మానేశాను.

మానేశాక ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. "ప్రార్థనలో ఉండు బ్రదర్" అన్నారు. ఉన్నాను. అయినా 2019లో పడ్డాను, ఆ సంగతి కింద రాస్తాను. మీ పాత దారి తాగుడు కావచ్చు, పేకాట కావచ్చు, ఆఫీసులో బల్ల కింద చెయ్యి చాచడం కావచ్చు. నాకు తెలిసింది వడ్డీ కాబట్టి దాని మీదే చెబుతాను. తాగుడు గురించి ఒక్క మాట: రోజూ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలా వెళ్లడం అవిశ్వాసం అనేవాళ్ల మాట చెవిన పెట్టకండి.

ముందు ఇంట్లో ఏం మిగిలిందో వెతకండి

మానేసిన వారం డైరీ చించాను, అప్పు నోట్లు చించాను, చర్చి సంఘంలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. బీరువా లాకర్ అడుగున మూడు ప్రామిసరీ నోట్లు మాత్రం అలాగే ఉంచాను. పెద్ద మొత్తాలు. వడ్డీ వద్దులే, అసలైనా రాబట్టుకోవాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మామూలుగా నోటుకు మూడేళ్లు దాటితే కోర్టుకెక్కినా లాభం లేదు. అందుకని నా కన్నెప్పుడూ క్యాలెండర్ మీదే. అసలు అడుగుదామని ఫోన్ చేస్తే నాలుగో మాటకే నోట్లోంచి వడ్డీ లెక్క వచ్చేది.

చివరికి ఒక రాత్రి మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మూడూ బయటికి తీశాను. కట్టిన వడ్డీలన్నీ కూడితే అసలు ఎప్పుడో తీరిపోయింది. నోటు వెనక "చెల్లు" అని రాసి, సంతకం పెట్టి, ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను. చించేస్తే సరిపోతుంది కదా అంటారేమో. మన ఇంట్లో మనం చించామో లేదో బాకీదారుకు ఎలా తెలుస్తుంది? కాగితం చేతికి అందాకే వాళ్లకు నిద్ర పడుతుంది.

తాకట్టు వస్తువులూ అంతే. నా దగ్గర ఒక రేషన్ కార్డు, రెండు ఏటీఎం కార్డులు, ఒక ఎలక్ట్రానిక్ కాటా మిగిలాయి. కాటా కొత్తిమీర, కరివేపాకు అమ్మే ఒక అక్కది. ఆరు రోజులు డబ్బు కట్టలేదని ఎత్తుకొచ్చాను. స్టీలు పళ్లెం మీద ఒక మూల సొట్ట. ఇంట్లో మా పిల్ల దాని మీద బొమ్మల్ని తూకం వేసి ఆడుకునేది. తిరగటి రాయిని తాకట్టు పట్టొద్దు, అది మనిషి బతుకును తాకట్టు పట్టడమే అని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. మా పాస్టరు అయ్యగారు అది చదివిన ఆదివారం నేను తలెత్తలేదు.

మర్నాడు కాటా తీసుకెళ్లి ఇచ్చాను. అక్క ఛార్జింగ్ పెట్టింది. అరకిలో రాయి వేసి, అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకుంది. మళ్లీ తీసి మళ్లీ వేసింది. నా వైపు చూడలేదు. పోనీలే తమ్ముడూ అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. అనలేదు. మీకూ అనకపోవచ్చు. వస్తువు ఇచ్చి, తప్పు ఒప్పుకుని, వచ్చేయండి.

శోధనకు ఒక టైము ఉంటుంది

శోధన అంటే మనసు పాత దారికి లాగడం. నాకా టైము తెల్లవారుజాము మూడు. చేతిలో నగదు, ఎదురుగా అవసరం. ఇంకోటి జూన్ నెల, స్కూలు ఫీజులప్పుడు. ఆ రెండూ కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు సరుకు దింపడం హమాలీలకు అప్పజెప్పి, కొట్టుకు ఐదింటికి వెళ్తాను. మూడింటి బేరాలు పోయాయి, నష్టమే. జూన్ ఫీజుకు జనవరి నుంచే పక్కన పెడతాను. మీరూ ఒక నెల రోజులు, మనసు లాగినప్పుడల్లా టైము, చోటు రాసుకోండి. అవే అంకెలు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఉల్లిపాయల లెక్క

ఉల్లిపాయల వాణ్ణి కాబట్టి సంఖ్యాకాండం 11 నన్ను వదల్లేదు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఇటుకలు చేసి బయటపడ్డవాళ్లు అరణ్యంలో కూర్చుని అక్కడ ఉచితంగా తిన్న చేపల్ని, కీరకాయల్ని, దోసకాయల్ని, ఉల్లిపాయల్ని, తెల్లగడ్డల్ని తలుచుకుని ఏడుస్తారు. ఆ లిస్టులో ఇటుకలు లేవు, కొరడా లేదు. నేనూ అంతే. ఆ రోజుల్లో ఎంత చేతిలో ఆడేదో కదా అనుకునేవాణ్ణి.

అందుకని ఒక నోటుబుక్కులో లెక్క మొత్తం రాశాను. ఎడమ పక్క రాబడి. కుడి పక్క మిగతావి. 2015 డిసెంబరు వరదల్లో ఒకాయన తడిసిన పరుపు ఎండబెట్టుకుంటుంటే నేను కలెక్షన్‌కి వెళ్లి ఆ పరుపు పక్కనే నిలబడ్డాను. పిల్ల పుట్టినరోజున రాత్రి పదకొండు దాకా ఎవరి గుమ్మంలోనో ఉన్నాను. నన్ను చూసి వీధి చివర సందులోకి తిరిగిపోయిన మనుషులు, పేర్లతో సహా రాశాను. పాత రాబడి గుర్తొచ్చి నోరూరితే కుడి పక్క చదువుతాను. రెండో పేజీ దాకా వెళ్లాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

జాలి మొహం పెట్టుకుని వచ్చినప్పుడు

శోధన దురాశగా వస్తే గుర్తుపట్టడం తేలిక, జాలిగా వస్తే కష్టం. 2020 మే 5న కోవిడ్ వల్ల కోయంబేడు మూసేశారు, కూరగాయల మార్కెట్ తిరుమళిశైకి మారింది. అక్కడ ఉన్న నాలుగు నెలలూ రోజూ ఫోన్లే. "అన్నా, వడ్డీ ఎంతైనా పర్లేదు, నువ్వు ఇస్తే చాలు." ఇవ్వడమే పుణ్యం కదా, ఇప్పుడు కాదంటే నేనేం క్రైస్తవుణ్ణి అనిపించింది. చేతులు వణికాయి, నిజంగా.

అప్పుడు పెట్టుకున్న నియమం ఇప్పటికీ నడుస్తోంది. ఇస్తే చేబదులు, లేదా ఊరికే. రెండు వేలకు మించి కాదు. నోటు రాయించుకోను. రాకపోయినా అడగనన్న ధైర్యం ఉంటేనే ఇస్తాను, మా ఆవిడకు చెప్పి ఇస్తాను. అంతకు మించి కావాలంటే బ్యాంకుకు తోడు వెళ్తాను. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి అప్పు ఆ ఏడాది జూన్‌లోనే మొదలైంది, అప్పట్లో తొలి విడత 10,000. కార్పొరేషన్ ఇచ్చే గుర్తింపు కార్డు గానీ, సిఫార్సు లేఖ గానీ ఉండాలి, ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉండాలి. టైముకు కట్టేవాళ్లకు వడ్డీలో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. ఫారాలు నింపడంలో నాకిప్పుడు మంచి పేరుంది. అప్పు పత్రాల మీద ఎనిమిదేళ్లు చెయ్యి తిరిగింది మరి, ఎక్కడికి పోతుంది.

ఒకరికి అంకెతో సహా చెప్పండి

"నాకోసం ప్రార్థించండి, శోధనలో ఉన్నాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, చెప్పినవాడికి మాత్రం చెప్పేశానన్న తృప్తి ఉంటుంది. మా సంఘంలో ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. శనివారం రాత్రి ఫోన్ చేసి రెండే అడుగుతారు: "ఎవరికైనా వడ్డీకి ఇచ్చావా? ఇవ్వాలనిపించిందా? ఎంత?" అవి మూడని నేనంటే, మూడోది రెండోదాంట్లో భాగమంటారు. ఫోన్ పిన్ను మా ఆవిడకు తెలుసు. మొదట్లో చిన్నతనంగా ఉండేది.

ఆదివారం సంగతి. యేసు తిరిగి లేచిన మొదటి ఆదివారం ఆయన శిష్యుడు తోమా మిగతా శిష్యులతో లేడు, ఆ వారమంతా అనుమానంతో గడిపాడు. ఎనిమిది రోజుల తర్వాత వాళ్ల మధ్యకు వచ్చి కూర్చున్నప్పుడే ప్రభువును చూశాడు. తోమా చనిపోయింది మా చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గరేనని ఇక్కడి సంప్రదాయం. మెట్రోలో అటు వెళ్లినప్పుడల్లా ఆయన రాని ఆ ఆదివారమే గుర్తొస్తుంది. అలిసిపోయినా ఆదివారం చర్చికి వెళ్లండి, వెనక వరుసలో నిద్రపోయినా సరే.

పడితే

2019లో దగ్గరి బంధువొకరికి యాభై వేలు ఇచ్చాను, నూటికి ఐదు. "మనలో మనం, ఇది వడ్డీ వ్యాపారం కాదు" అన్నాడు. నెలకు రెండున్నర వేలు, రెండు నెలలు పుచ్చుకున్నాను. ఆ రెండు నెలలూ పాట పాడేటప్పుడు నోరు పెగల్లేదు. మూడో నెల పెద్దాయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు, లెక్క అడిగారు. ఐదు వేలు వెనక్కి, లేవీయకాండం 6 ప్రకారం దానికి ఐదో వంతు కలిపి, మొత్తం ఆరు వేలు ఇచ్చి రమ్మన్నారు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇచ్చాడు కదా అన్నాను, కొంచెం గొప్పగా. "నువ్వు ముందు ఈ వెయ్యి కలుపు చూద్దాం" అన్నారు. ఆ వెయ్యి కలపడం నిజంగానే కష్టమైంది. పడ్డ రోజే చెప్పి ఉంటే ఆ వెయ్యి కూడా మిగిలేది. మీరు ఆలస్యం చేయకండి.

మొన్న మంగళవారం రాత్రి మళ్లీ ఫోన్ వచ్చింది. పాత పార్టీ, లక్ష కావాలట, వారంలో లక్షా పదివేలు ఇస్తాడట. నాకు గొంతు తడారిపోయింది. ఏమీ అనకుండా ఫోన్ మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అవతలి మాటంతా విని, "డబ్బుల్లేవన్నా, ఉల్లిపాయలున్నాయి, ఎన్ని బస్తాలు కావాలి?" అంది. రెండు బస్తాలు తీసుకున్నాడు. ఒకదానికి ఇంకా డబ్బివ్వలేదు.