పెద్ద బండికి టైరు కొనేముందు ఫోన్ టార్చ్ వేసి చూడండి

టూరింగ్ బండికి, అంటే దూర ప్రయాణాలకు వాడే పెద్ద బైకుకి, టైరు అడిగితే షాపులో "సైజు సరిపోయింది, వేసేద్దాం" అంటారు, నేనూ అలాగే వేయించుకుని ఇంటికొచ్చాక చూస్తే అది అయిదేళ్ళ నాటి సరుకు. ఇప్పుడు బిగించకముందే టైరు పక్కన టార్చ్ వేసి రెండు చూస్తున్నాను. ఇంగ్లీషులో డాట్ (DOT) అని ఉన్న వరుస చివర 4 అంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఒకవైపే వేసి ఉండొచ్చు, కనబడకపోతే తిప్పి చూడండి. రెండేళ్ళు దాటితే నేను తీసుకోను.

తర్వాత సైజు పక్కనున్న అంకె. ఇప్పటి హోండా గోల్డ్ వింగ్ బైకు వెనక టైరుకి 77హెచ్ (77H) అని ఉంటుంది, 77 అంటే 412 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు. అదే 66 అయితే 300 కిలోలే. వెనక కూర్చునే మనిషి, పెట్టెల్లో సామాను అంతా ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి మాన్యువల్లో రాసినదానికన్నా తక్కువ అంకె టైరు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఒక్క జాగ్రత్త, ఈ కిలోల లెక్క గాలి సరిగ్గా ఉంటేనే. టైరు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయించండి, కాస్త దూరం తిరిగొచ్చి కొలిస్తే ఎక్కువ చూపించి, గాలి సరిపోయిందనుకుంటాం.