జనరేటర్ పట్టడం లేదా? ముందు కార్బరేటర్ అడుగు చూడండి

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలైన గంటకల్లా నా ఫోన్ మోగుతుంది. "అన్నా, జనరేటర్ పట్టడం లేదు." 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిపోయాక, వైజాగ్‌లో చాలామంది చిన్న పెట్రోల్ జనరేటర్లు కొన్నారు. కొన్నవాళ్లు దాన్ని మెట్ల కింద పెట్టి, పాత దుప్పటి కప్పి, మళ్లీ తుఫాను కబురు వచ్చేదాకా దాని మొహం చూడలేదు. మిషన్‌కి మనమీద కోపం రావడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

నేను రాసేది చేత్తో మోసుకుపోగలిగే ఒకటి నుంచి మూడు కేవీఏ (జనరేటర్ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) పెట్రోల్ జనరేటర్ల గురించి. ఆయిల్ మార్చడం, ప్లగ్గు విప్పడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

తాడు ఎంత లాగినా అసలు పట్టడం లేదు

స్విచ్ ఆన్‌లో ఉందా, పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే చిన్న కుళాయి) తెరిచారా, చోక్ వేశారా? చూశామనే అంటారు అందరూ. వెళ్లి చూస్తే కాక్ మూసే ఉంటుంది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు దాకా టూల్ బ్యాగ్ మోసుకెళ్లి, కాక్ తిప్పి, ఒక్క లాగుకి స్టార్ట్ చేసి దిగివచ్చిన రోజులున్నాయి. డబ్బులు అడగడానికి నాకే మొహమాటం.

తర్వాత ఆయిల్. ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను పట్టనివ్వని సెన్సర్ వీటిలో చాలావాటికి ఉంటుంది. మొత్తం పట్టేదే అర లీటరు అటూ ఇటూ. అందులో ఒక టీ గ్లాసు తగ్గినా సెన్సర్ ఊరుకోదు. ఆయిల్ సరిగ్గా ఉన్నా మిషన్ ఏటవాలుగా ఉంటే తగ్గిందనే అనుకుంటుంది. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఒకావిడ ఒకరోజు పిలిచింది. "నిన్న సాయంత్రం బాగానే నడిసినాది బాబూ, ఇయ్యాల ఏటైపోనాదో తెల్దు." చూస్తే ఒకవైపు కాళ్లు ఇసకలోకి జానెడు దిగిపోయి ఉన్నాయి. కింద చెక్క పలక వేశాం, రెండో లాగుకి పట్టింది.

ఇవన్నీ బాగుంటే ప్లగ్గు విప్పండి. తడిగా, పెట్రోల్ వాసన కొడుతూ ఉంటే చోక్ వేసి ఎక్కువసార్లు లాగేశారని అర్థం. తుడిచి, చోక్ తీసి లాగండి. పొడిగా ఉంటే పెట్రోల్ ఇంజిన్ దాకా రావడం లేదు. అప్పుడు కింద రాసిందే మీ కథ.

చోక్ మీద పడుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది

ఇది మూడు వేషాల్లో వస్తుంది. చోక్ తీయగానే దగ్గి చచ్చిపోవడం ఒకటి. పట్టాక గుర్రుమని పెరుగుతూ, నీరసంగా తగ్గుతూ ఊగుతూ ఉండటం రెండు. ఖాళీగా బాగానే నడిచి, ఫ్రిజ్ వేయగానే కూలబడటం మూడు. జబ్బు మాత్రం ఒక్కటే. గాలి వస్తున్నంతగా పెట్రోల్ రావడం లేదు. చోక్ గాలిని ఆపుతుంది కాబట్టి ఆ కాసేపూ లెక్క సరిపోయి ఇంజిన్ నడుస్తుంది.

ఇక్కడే జనం దారి తప్పుతారు. ముందు ప్లగ్గు మారుస్తారు, తర్వాత ఎయిర్ ఫిల్టర్ కడుగుతారు, ఆపైన ఎవరో కాయిల్ పోయిందంటారు. "పెట్రోల్ సంగతి చూశారా?" అంటే అందరిదీ ఒకటే జవాబు, "నిన్ననే కొత్తది పోశాం."

ఆ కొత్త పెట్రోల్ అనే మాట దగ్గరే నేనూ ఒకసారి బోర్లా పడ్డాను. పెదజాలరిపేటలో ఒక చేపల కొట్టు జనరేటర్. జూన్ మధ్యలో, వేట నిషేధం అయిపోయాక తీసుకొచ్చారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, పడవలు ఒడ్డునే ఉంటాయి కదా, దీన్నీ మూలన పడేశారు. చోక్ మీద పడుతోంది, తీస్తే ఆగుతోంది. కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) విప్పి, అందులోని జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు) శుభ్రం చేసి, గాలి కొట్టి బిగించాను. పెళ్లికొడుకులా నడిచింది. రెండు రోజులకి తిరిగొచ్చింది. మళ్లీ విప్పాను, మళ్లీ నడిచింది, మళ్లీ వచ్చింది. మూడోసారి సిగ్గుపడి కార్బరేటరే కొత్తది వేశాను. నాలుగో రోజు కొట్టు యజమాని దాన్ని ఆటోలోంచి దించుతుంటే షాపు షట్టర్ వేసి పారిపోదామనిపించింది.

ఆ రోజు మాత్రం ఏదీ విప్పలేదు. కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెని బౌల్ అంటారు, దాని అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూ కింద ఖాళీ గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేశాను. సీసాని ఎండకెదురుగా ఎత్తి పట్టుకుంటే పెట్రోల్ పైన తేలుతోంది, అడుగున రెండు వేళ్ల మందాన మబ్బు పట్టినట్టు వేరే ద్రవం. మధ్యలో గీత గీసినట్టు స్పష్టమైన సరిహద్దు. ఊపితే కలిసినట్టే కలిసి, మళ్లీ విడిపోయి అడుగుకి దిగింది. ట్యాంకు అడుగు నుంచి తీసినా అదే. నేను ప్రతిసారీ కార్బరేటర్ కడిగాను గానీ, ట్యాంకులో కూర్చున్న నీళ్లని ఒక్కసారీ తీయలేదు. ఆయనేమో ప్రతిసారీ దానిమీదే కొత్త పెట్రోల్ పోస్తూ వచ్చాడు. పెట్రోల్ తేలిక, నీళ్లు బరువు. పైన ఎంత కొత్తది పోసినా కార్బరేటర్‌కి అందేది అడుగునున్నదే.

ఇది ఈ మధ్య ఎందుకు ఎక్కువైందంటే, ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. గాల్లో చెమ్మ ఉంటే పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది, మీకు కనబడదు. హద్దు దాటిందా, నీళ్లూ ఇథనాలూ చేతులు కలిపి పెట్రోల్‌ని వదిలేసి అడుగుకి దిగిపోతాయి. స్కూటర్‌లో ఈ బాధ పెద్దగా ఉండదు, వారం తిరక్కుండానే పెట్రోల్ అయిపోతుంది కాబట్టి. ఆర్నెల్లు కదలని జనరేటర్‌లో, అదీ ఉతికిన చొక్కా రెండు రోజులైనా ఆరని వైజాగ్ వానాకాలంలో, దానికి కావలసినంత తీరిక. సగం ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి చెమ్మ గాలి లోపలికొస్తుంది. ట్యాంకు రోజుకోసారి సముద్రపు గాలి పీల్చుకుంటున్నట్టే లెక్క. ఆ నీళ్లు బౌల్‌లో నిలిస్తే లోపలి లోహం మీద తెల్లటి పొడి కడుతుంది, ఆ పొడే వెళ్లి జెట్‌లో ఇరుక్కుంటుంది. స్లో జెట్ (రెండు జెట్లలో సన్నది) రంధ్రంలోకి గుండుసూది కూడా దూరదు, ఇక పొడి రేణువు ఒక్కటి చాలదా?

అందుకే తాడు లాగి భుజం పోగొట్టుకునే ముందు, ప్లగ్గు ముట్టుకునే ముందు, నాకు ఫోన్ చేసే ముందు, బౌల్ స్క్రూ వదులు చేసి ఒక చెంచాడు గాజు సీసాలోకి పట్టి చూడండి. రెండు నిమిషాల పని. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట చేయండి. బీడీలు, దీపాలు, గ్యాస్ పొయ్యి ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

గీత కనబడితే ట్యాంకులో ఉన్నదంతా తీసేయాలి. కాక్ నుంచి గొట్టం పీకి వదిలేస్తే మొత్తం దిగదు, అడుగున కొంత మిగిలే ఉంటుంది. మిషన్‌ను వంచి గానీ చేతి పంపుతో గానీ చివరి చుక్కదాకా తీయండి. గ్లాసెడు కొత్త పెట్రోల్ పోసి, ఆడించి, అదీ పారబోసి, మూత తీసి ఎండలో ఒక పూట ఆరనివ్వండి. కాక్ కింద చిన్న జల్లెడ గిన్నె ఉండే మోడల్ అయితే దాన్నీ విప్పి కడగండి, నీళ్లు అక్కడా దాక్కుంటాయి. అప్పుడు కార్బరేటర్ విప్పండి. బౌల్ తుడిచి, రెండు జెట్లూ తీసి క్లీనర్ స్ప్రే కొట్టి, ఆకాశంవైపు పెట్టి చూడండి. వెలుతురు గుండ్రంగా కనిపించాలి. గుండుసూదులూ గట్టి తీగలూ దూర్చి పొడవద్దు, ఇత్తడి జెట్ రంధ్రం పెద్దదైతే ఇక ఎప్పటికీ లెక్క కుదరదు. కరెంటు వైరులోంచి ఒక్క సన్నని రాగి పోగు తీసి వాడండి. పారబోసిన పెట్రోల్ మురుగు కాలువలో పోయకండి. మెకానిక్ షెడ్డులో సామాన్లు కడగడానికి తీసుకుంటారు.

గీత లేకుండా పెట్రోల్ వార్నిష్ వాసన కొడుతుంటే అది నీళ్ల జబ్బు కాదు, పాతబడ్డ పెట్రోల్ బంక. వైద్యం మాత్రం ఇదే.

మళ్లీ రాకుండా ఉండాలంటే, ఆపేటప్పుడు స్విచ్ నొక్కి ఆపకండి. కాక్ మూసేసి, బౌల్‌లో ఉన్నది కాలిపోయి ఇంజిన్ దానంతటది ఆగేదాకా ఉంచండి. నెలల తరబడి వాడరనుకుంటే ప్లాస్టిక్ ట్యాంకుని పూర్తిగా ఖాళీ చేసేయండి. ఇనుప ట్యాంకు ఖాళీగా ఉంచితే మన ఉప్పు గాలికి తుప్పు పడుతుంది కాబట్టి దాన్ని నిండుగా ఉంచి, నెలకోసారి అరగంట నడపండి. నడపడమంటే ఊరికే గుర్రుమనిపించడం కాదు, మీ మిషన్ మోయగలిగితే ఇస్త్రీపెట్టె తగిలించి నడపాలి. వెయ్యి వాట్ల నిఖార్సయిన లోడ్ ప్రతి ఇంట్లోనూ ఉండగా వేరే పరీక్షలెందుకు?

పావుగంట నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ పడుతుంది

ట్యాంకు మూత మీద చిన్న గాలి మీట ఉంటే ఆన్‌కి తిప్పండి. అది మూసి ఉంటే పెట్రోల్ దిగేకొద్దీ ట్యాంకులో గాలి చాలక ధార ఆగిపోతుంది. నడిచేటప్పుడు ఆన్, మూలన పెట్టేటప్పుడు ఆఫ్. మీట లేని మూతల్లో సన్నని రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడండి.

ఇంజిన్ బాగానే నడుస్తోంది, ఫ్రిజ్ వేస్తే చస్తోంది

బౌల్ శుభ్రంగా ఉన్నా ఇలా అవుతుంటే, మొదట ఎకో స్విచ్ ఆఫ్ చేయండి. ఇన్వర్టర్ మోడళ్లలో ఎకో ఆన్‌లో ఉంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, కంప్రెసర్ ఒక్కసారి గుంజేసరికి తట్టుకోలేదు.

అప్పటికీ ఆగితే కొన్నదే చిన్నది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గరిష్ఠం, కాసేపు మాత్రమే ఇచ్చేది. నిలకడగా ఇచ్చేది ప్లేటు మీద వేరేగా రాసి ఉంటుంది, అదే మీ లెక్క. మామూలు ఫ్రిజ్ నడిచేటప్పుడు నూటయాభై, రెండొందల వాట్లతో సరిపెట్టుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు గుంజుతుంది. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు నడవడానికే వెయ్యి వాట్లు దాటుతుంది, ఎత్తుకోవడానికి మూడింతలు కావాలి. కాబట్టి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్ చార్జర్లు చాలనుకుంటే రెండు కేవీఏ సరిపోతుంది. మోటారు కూడా కావాలంటే మూడుకి తగ్గొద్దు. ఏసీ సంగతి మర్చిపోండి. తుఫాను నాడు ముందు మోటారు ఒక్కటే వేసి నీళ్ల ట్యాంకు నింపుకుని, అది ఆపాకే ఫ్రిజ్ వేయండి. సగం లోడ్ మీద రెండు కేవీఏ మిషన్ గంటకి అర లీటరు పైనే తాగుతుంది. బంకు దగ్గర క్యూ ఎంత పొడవు ఉంటుందో హుద్‌హుద్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

వానకి తడుస్తుందని జనరేటర్‌ని వంటింట్లోకో మూసిన బాల్కనీలోకో తేవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటి వైరింగుకి కలపాలంటే చేంజ్ఓవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు, వీధి కరెంటు కలవకుండా విడదీసేది) పెట్టించండి. రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ ప్లగ్గులోకి కరెంటు తోస్తే అది వీధి లైన్‌లోకి ఎక్కుతుంది, స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. ఈ రెండు విషయాల్లో నేను ఎవరితోనూ వాదించను, పని చేయకుండా వచ్చేస్తాను.

మిగతావి

ఇంజిన్ నడుస్తూ కరెంటే రాకపోతే, బ్రేకర్ పడిందేమో చూసి మళ్లీ ఎత్తండి. ఓవర్‌లోడ్ లైటు వెలిగి ఉంటే ఆపి, లోడ్ తీసి, మళ్లీ స్టార్ట్ చేయండి. ఆ రెండూ కాకపోతే కార్బన్ బ్రష్ గానీ, ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) గానీ పోయి ఉంటుంది. అది షాపు పని. కాయిల్ పోవడం అరుదు. వాల్వు, పిస్టన్ గొడవలు ఇంటి వాడకంలో ఇంకా అరుదు.

మా మేనల్లుడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చలికాలంలో సరస్సు గడ్డకడితే దానిమీద గుడిసె వేసుకుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పడతారట, పక్కన ఇలాంటి జనరేటరే. వాడి మిషన్‌లో ఇంజిన్ బ్రీదర్ గొట్టంలో (ఇంజిన్ లోపలి గాలి, ఆవిరి బయటికి పోయే దారి) చెమ్మ మంచుగడ్డై మూసుకుపోయి, ఆయిల్ సీలు తన్నుకుని బయటికొచ్చిందని ఫోటో పంపి, ఏం చేయాలి మావయ్యా అన్నాడు. పల్చటి ఆయిల్ పోయమని, గొట్టానికి చలి తగలకుండా చూడమని చెప్పాను. మన దగ్గర ఆ గొట్టాలు మంచుతో మూసుకోవు. సైలెన్సర్ మూతిలో మాత్రం ఒకసారి కందిరీగ మట్టిగూడు దొరికింది, భీమిలిలో.